మూడు భాషల వడ్డన

మా వంటింట్లో పసుపురంగు కప్పులు మూడున్నాయి. మూడూ ఒకటే. అదే అంచు, అదే బుల్లి చేప బొమ్మ. కిరీటి వాటిని మూడు విడతలుగా కొన్నాడు. మూడుసార్లూ అదే కొట్టు ముందు ఆగి, "మైథిలీ, ఈ చేప చూడు. అచ్చం నువ్వు అలిగినప్పటి మూతిలా లేదూ?" అన్నాడు. మొదటిసారి పగలబడి నవ్వాను. రెండోసారి, నన్ను నవ్వించడానికే మళ్ళీ అంటున్నాడనుకుని ఇంకా ఎక్కువ నవ్వాను. మూడోసారి అతని కళ్ళలోకి చూశాను. అతను నిజంగానే ఆ చేపను మొదటిసారి చూస్తున్నాడు.

అప్పటికి మా పెళ్ళయి మూడు నెలలు. ఆ రోజుల్లో నాకు ప్రతిదీ పండగే. దండెం మీద అతని చొక్కా పక్కన నా చీర ఆరడం, ఒకే తాళంచెవుల గుత్తి కోసం ఇద్దరం వెతుక్కోవడం, పాలు పొంగిపోతే నువ్వంటే నువ్వని వాదించుకోవడం. కాకినాడలో సముద్రం వైపు రెండు గదుల ఇల్లు మాది. నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. కిరీటి ఊరి చివర ఉన్న భాషా పరిశోధనశాలలో పని చేస్తాడు. పెద్దవాళ్ళ ముందు మీరు, వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే నువ్వు. ఆ మార్పు కూడా నాకు ముద్దుగానే ఉండేది.

అతను రష్యన్, టర్కిష్, కొరియన్ ఒకేసారి నేర్చుకుంటున్నాడు. పెళ్ళికి కొద్దివారాల ముందే మొదలుపెట్టాడు. పుస్తకాలు లేవు. ముక్కులో వాళ్ళ పరిశోధనశాల చుక్కల మందు వేసుకుంటే బుర్ర పసిబిడ్డ బుర్రలా తెరుచుకుంటుంది. ఆపైన ఏ భాష చెవిన పడితే అది అతుక్కుపోతుంది. ఒకదాన్లో ఒకటి కలిసిపోకుండా ఒక్కో భాషకి ఒక్కో వాసన. చొక్కా జేబులో మూడు అగ్గిపెట్టెలు, వాటిలో నూనెలో ముంచిన దూది. లవంగం పీలిస్తే రష్యన్, సోంపుకి టర్కిష్, అల్లానికి కొరియన్. స్నానాలగదిలోంచి లవంగం వాసన వచ్చిందంటే గీజరుని రష్యన్‌లో తిడుతున్నాడని అర్థం. వాసన పట్టి మా ఆయన ఏ దేశంలో ఉన్నాడో చెప్పేదాన్ని.

మూడో కప్పు కొన్న మర్నాడు అతన్ని కూర్చోబెట్టి అడిగాను. పోయిన నెల వానలో ఇద్దరం రిక్షా టాపు కింద కూర్చుని మొక్కజొన్న పొత్తు తిన్నాం, గుర్తుందా అని. లేదన్నాడు. కోటప్పకొండ వెళ్ళిన సంగతి? లేదు. నా పుట్టినరోజు? చాలాసేపు ఆలోచించి, "ఫొటో చూశాను" అన్నాడు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"మర్చిపోయానని గుర్తుంటే కదా చెప్పడానికి."

ఆ మాటకి నవ్వు రావాల్సింది. రాలేదు.

* * *

పరిశోధనశాల పెద్ద రుక్మాంగదరావు గారు పొట్టిగా, ఎప్పుడూ నలిగిన చొక్కాతో ఉంటారు. మా పెళ్ళికి వచ్చి నాలుగు రకాల స్వీట్లూ రెండోసారి అడిగి మరీ తిన్న మనిషి. కిరీటిని వెంటబెట్టుకుని నేను పరిశోధనశాలకి వెళ్ళిన రోజు మాత్రం టీ కూడా ముట్టలేదు.

"అమ్మా, రెండేళ్ళప్పుడు నువ్వు ఏ గిన్నెలో అన్నం తిన్నావో గుర్తుందా?"

"లేదండీ."

"నాకూ లేదు. కానీ ఆ గిన్నెలో తింటూనే తెలుగంతా నేర్చేశాం. మేం ఆ వయసు తలుపుని మళ్ళీ తీశాం. దాంట్లోంచి భాష లోపలికొస్తుంటే రోజులు బయటికి పోతాయని తెలుసుకోలేదు. ఇదివరకు వచ్చినవాళ్ళందరూ ఒక్కో భాషే నేర్చారు. సన్నటి సందు. ఒకటీ అరా పోయినా ఎవరూ పట్టించుకోలేదు. వీడు మూడు తలుపులు బార్లా తీశాడు. ఇప్పుడు వారం దాటితే ఏదీ నిలవడం లేదు."

"చుక్కలు ఆపేయొచ్చుగా?"

"ఆపి చాలా రోజులైంది. చుక్కలు తలుపు తీస్తాయి గాని మూయవు. మూసేది గురి."

గురి అంటే ఏమిటో కిరీటి నాకు పక్కనున్న గురి గది చూపించి చెప్పాడు. కిటికీలు లేని చిన్న గది, ఒక పడక కుర్చీ. నేర్చుకోబోయేవాళ్ళు అక్కడ కూర్చుని, వాసన పీలుస్తూ, ఈ భాష వచ్చేసిందని నాకు ఏ క్షణాన అనిపించాలి అన్నది కళ్ళకు కట్టినట్టు ఊహించుకోవాలి. ఒక నర్సు, జర్మనీ ముసలాయన తనకి ఎక్కడ నొప్పో చెబితే అర్థం కావాలి అనుకుందట. ఆ రోజు నిజంగా వచ్చినప్పుడు లోపల ఒక తృప్తి కలుగుతుంది. ఆ తృప్తే తలుపు మూస్తుంది. మూసుకుందని మణికట్టు పట్టీ మీది దీపం ఆరిపోయి చెబుతుంది. కిరీటి పట్టీ మీద మూడు దీపాలు. మూడూ వెలుగుతూనే ఉన్నాయి.

"నువ్వేం గురి పెట్టుకున్నావో మీ ఆవిడ ముందు చెప్పు" అన్నారు రుక్మాంగదరావు గారు.

కిరీటి బల్ల వైపు చూశాడు. "నూటికి నూరు."

"దేంట్లో?"

"మూడింట్లోనూ సార్. అన్నిటికన్నా పెద్ద పరీక్షలో. ఒకేరోజు ఫలితాలు."

"ఒకేరోజు ఎందుకురా?"

"అలా అయితే బావుంటుందని."

పెద్దాయన కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకున్నారు. నాకు మాత్రం ఆశ్చర్యం వెయ్యలేదు. కిరీటి హాస్టల్లో ఉండి ఇంటర్ చదివినవాడు. పెట్టె మూత లోపల రావలసిన ర్యాంకు రాయించి, పొద్దున్నే మూత తెరిపించి చదివించేవారట. జిల్లాలో రెండో ర్యాంకు వస్తే వార్డెను మొదటి ర్యాంకు కుర్రాడి ఫొటో చూపించాడట. ప్రపంచంలో ఇంకెక్కడైనా మనిషి భాష నేర్చుకునేటప్పుడు స్నేహితుల్ని ఊహించుకుంటాడేమో. మావాడు మార్కుల జాబితా ఊహించుకున్నాడు.

టర్కిష్‌లో అప్పటికే నూటికి తొంభై ఆరు తెచ్చుకున్నాడు. దీపం కాస్త కూడా మసకబారలేదు.

"గురి మార్చి చూద్దాం. ఎనభై అనుకో, చాలు" అన్నారు పెద్దాయన.

కిరీటి ఆ గదిలో చాలాసేపు కూర్చుని బయటికొచ్చాడు. "నోరు ఎనభై అంటోంది సార్. లోపల ఎవడో, ఆ ఇరవై ఎక్కడ పారేశావురా అని అడుగుతున్నాడు."

* * *

ఆ వారం రోజూ సాయంత్రం పెళ్ళి వీడియో పెట్టుకుని చూసేవాడు. పక్కింటివాళ్ళ పెళ్ళి చూసినంత శ్రద్ధగా.

"ఇక్కడ నేనెందుకు నవ్వుతున్నాను?"

"తలంబ్రాల్లో ముత్యం ఒకటి నా చెవి కమ్మలో ఇరుక్కుంది. తియ్యబోయి నువ్వు పురోహితుడి మీద పడ్డావు."

"ఆయనేమన్నాడు?"

"మంత్రం ఆపకుండానే నిన్ను వెనక్కి తోశాడు."

ఇష్టంగా విన్నాడు. తర్వాత టీవీ కట్టేసి, చీకటి తెర వైపే చూస్తూ, "ఇవన్నీ నువ్వొక్కదానివే మోస్తున్నావు" అన్నాడు.

బరువేం కాదన్నాను. అబద్ధం. ఇద్దరి సంతోషాన్ని ఒక్కరు దాచుకుంటే అది గొప్పగా చెప్పుకునే కబురులా తయారవుతుంది, నిజమో కాదో అడగడానికి రెండో మనిషి ఉండడు. పైగా ఈ సంవత్సరం మళ్ళీ రాదు. మొదటి పోట్లాట, మొదటి జ్వరం, మొదటి అద్దె ఇల్లు, అన్నీ అతని చేతిలోంచి నీళ్ళలా జారిపోతూనే ఉంటాయి. ఎప్పటిదాకా అంటే, నూటికి నూరు వచ్చేదాకా. నూరు వచ్చినా మనవాడు ప్రశ్నపత్రం తేలిక అంటాడని నాకు తెలుసు.

ఆ ఆదివారం మా ఉత్పల వదిన వచ్చింది. కిరీటికి అక్క, రామచంద్రపురంలో ఉంటుంది. సంచి నిండా అరిటాకులు, డబ్బా నిండా పూర్ణం బూరెలు.

"కొత్త దంపతులు కంచాల్లో తింటున్నారని తెలిసింది. మా వంశంలో ఇంత అప్రతిష్ఠ ఎవరూ తేలేదు" అంటూ చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

మర్చిపోయే సంగతి విని, విప్పబోతున్న బూరెల డబ్బా పక్కన పెట్టింది. తర్వాత తమ్ముడి నెత్తి మీద మెల్లగా మొట్టి, "పోన్లే, నాకు బాకీ ఉన్న చీర సంగతి కూడా మర్చిపోయుంటావు. మళ్ళీ చెబుతా విను, రెండు చీరలు" అంది. ముగ్గురం నవ్వాం. వదిన కళ్ళు మాత్రం తుడుచుకుంది.

భోజనాలకి నేనూ వదినా కూర్చున్నాం. కిరీటి వడ్డిస్తానన్నాడు. వాళ్ళింట్లో వడ్డన ఒక యుద్ధం. నోటితో చాలంటే ఎవరూ నమ్మరు. మొహమాటం అనుకుని ఇంకో గరిటె వేస్తారు. విస్తరి మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెడితేనే ఒప్పుకుంటారు. పెళ్ళైన కొత్తలో అది తెలియక, చాలు చాలంటూ నేను ఆరు గారెలు తిన్నాను.

"అక్కా, ఇంకొక్క బూరె."

"చాల్లేరా."

"ఒక్కటే. చిల్లు చేసి నెయ్యి పోస్తా."

"వద్దురా నాయనా, పొట్ట పగులుతుంది" అని వదిన విస్తరి మీద రెండు చేతులూ పరిచేసింది.

కిరీటి మొహం చూశాను. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ మొహం చూస్తున్నాను గాని, అంత నిండుగా ఎప్పుడూ చూడలేదు. ఏ పరీక్షా రాయకుండా గెలిచినట్టు. అతని చేతి పట్టీ మీద మూడు దీపాలూ ఒక్క క్షణం సన్నగిల్లి, మళ్ళీ వెలిగాయి.

"మళ్ళీ వడ్డించు" అన్నాను.

"ఎవరికి?"

"వదినకే. మజ్జిగ పులుసు."

"ఏం అమ్మాయ్, నా ఆస్తి నీకు రాశానని ఎవరైనా చెప్పారా? నన్ను చంపేస్తున్నావు" అంది వదిన. అయినా చేతులు తీసింది. కిరీటి పోశాడు, బతిమాలాడు, ఇంకా పోశాడు. వదిన మళ్ళీ అడ్డం పెట్టింది. దీపాలు మళ్ళీ సన్నగిల్లాయి. ఈసారి అతనూ చూశాడు.

గరిటె గాల్లో ఉండగానే ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. తన విషయంలో చాలనుకోవడం అతనికి ఎవరూ నేర్పలేదు. ఎదుటివాడు చాలంటే సంతోషించడం మాత్రం హాస్టలుకి వెళ్ళకముందే, ఈ అక్క ఒళ్ళోనే వచ్చేసింది.

* * *

"గురి ఇలా కూడా పెట్టుకోవచ్చా?" అన్నారు రుక్మాంగదరావు గారు, మర్నాడు మేం వెళ్ళి వడ్డన సంగతి చెబితే. "పెట్టుకోకూడదని ఎక్కడా లేదు" అని ఆయనే గది తలుపు తీశారు.

కిరీటి మూడు వాసనలతో మూడుసార్లు కూర్చున్నాడు. మార్కులు లేవు. ఒక రష్యనుకి, ఒక టర్కీ మనిషికి, ఒక కొరియనుకి వాళ్ళ భాషలో కబుర్లు చెబుతూ, బతిమాలుతూ వడ్డించాలి. వాళ్ళు విస్తరి మీద చేతులు అడ్డం పెట్టాలి. అంతే.

రేవులో ఆ వారం రెండు విదేశీ ఓడలున్నాయి. నావికుల క్లబ్బులో అడిగితే ముగ్గురు దొరికారు. గెన్నాది రష్యన్ ఇంజనీరు, తలుపులో వంగి రావాలి. ఓర్హాన్ టర్కీ వంటవాడు. సియో కొరియా నుంచి సరుకు తనిఖీకి వచ్చిన సన్నటి పెద్దమనిషి, గడప దగ్గరే మూడుసార్లు వంగి నమస్కారం చేశాడు.

వంటకి ఒక్కటే ఇబ్బంది. లవంగం, సోంపు, అల్లం ఇంట్లో ఎక్కడా వాసన రాకూడదు. "అల్లం లేకుండా గారెలా? ఇది సైన్సు కాదు, పాపం" అని వదిన పొద్దున్నుంచీ గొణుగుతూనే రుబ్బింది. పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, బూరెలు. రుక్మాంగదరావు గారు పరిశీలకుడిగా వచ్చి, పరిశీలన దగ్గర్నుంచి చేస్తే బావుంటుందని ఆయనా ఒక విస్తరి ముందు కూర్చున్నారు.

విస్తరి మీద చేతులు పెట్టేదాకా వడ్డిస్తామని మా పద్ధతి ముగ్గురికీ ముందే చెప్పాడు కిరీటి. తర్వాత సోంపు పెట్టె తీసి పీల్చి ఓర్హాన్ దగ్గర మొదలుపెట్టాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, వాదన వంట గురించని చేతుల్ని చూస్తే తెలిసిపోయింది. ఓర్హాన్ పనసపొట్టు నోట్లో వేసుకుని ఇది మాంసం అన్నట్టు, కిరీటి కాయ అన్నట్టు. చివరికి వంటింట్లోంచి సగం పనసకాయ తెచ్చి చూపించాల్సి వచ్చింది. ఓర్హాన్ నవ్వి నవ్వి, మూడో బూరె దగ్గర లొంగిపోయి చేతులు పరిచేశాడు. పట్టీ మీద ఒక దీపం ఆరింది. సన్నగిల్లడం కాదు, ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు. నేను వదిన చెయ్యి పట్టుకున్నాను.

గెన్నాది కష్టమైన మనిషి. అతని పొట్టకి అడుగు లేదు. దప్పళం మూడుసార్లు, పులిహోర లెక్కలేదు. కిరీటి రష్యన్‌లో ఏదో పెద్ద కథ చెబుతూ పెడుతుంటే అతను కథకి నవ్వుతూ తింటున్నాడు. "వీడు ఓడ కూడా తింటాడు" అంది వదిన. బూరెలు ఇంకో వాయి వేయడానికి వంటింట్లోకి పరిగెత్తింది. ఆ వాయి సగం అయ్యాక గెన్నాది పెద్దగా నిట్టూర్చి, రెండు పెద్ద చేతులతో విస్తరి మొత్తం కప్పేసి, తల కూడా దాని మీద ఆన్చాడు. రెండో దీపం ఆరింది.

ఇక సియో. ఆయన విస్తరి చూస్తే ఎప్పుడూ ఖాళీయే. ఏది వేసినా మాట్లాడకుండా, మెతుకు మిగల్చకుండా తినేస్తున్నాడు. కిరీటి అల్లం వాసన పీల్చి బతిమాలడం మొదలుపెట్టగానే తల వంచి ఒప్పుకుంటున్నాడు. గారె, ఒప్పుకున్నాడు. ఇంకో గారె, ఒప్పుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. చొక్కా పైగుండీ విప్పుకున్నాడు. చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి.

"ఒరేయ్, ఆయన మొహమాటానికి తింటున్నాడురా. మనం వడ్డిస్తుంటే కాదనడం తప్పనుకుంటున్నాడు. పోతాడు, ఆపు" అంది వదిన.

"ఆపితే దీపం ఆరదక్కా" అన్నాడు కిరీటి. గరిటెలో ఇంకో బూరె ఉంది. అది వేస్తే ఆయన తింటాడు. ఇంకోటి వేస్తే అదీ తింటాడు. ఎక్కడో ఒకచోట చేతులు అడ్డం పెట్టక తప్పదు. అప్పుడు నా రోజులు నాకు దక్కుతాయి. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకూ వెయ్యమనాలనిపించింది.

కిరీటి ఆయన మొహం వైపు చూశాడు. గరిటె పక్కన పెట్టేసి, విస్తరికి ఇవతల బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నెమ్మదిగా, తడుముకుంటూ ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. అతను ఏం చెప్పాడో సాయంత్రం నాకు తెలుగులో చెప్పాడు.

"నేను పెడుతున్నానని తినకండి. మీరు చాలంటే మేం చిన్నబుచ్చుకోం. నేనూ మీలాంటివాణ్ణే. ఎవరు ఏం పెట్టినా ఇంకా కావాలనే అన్నాను. చాలంటే నాలో ఏదో లోపమని అనుకుంటారేమోనని భయం. మీరు హాయిగా లేకపోతే ఈ భోజనం మాకు రుచించదు."

సియో తలెత్తి చూశాడు. చాలా మర్యాదగా, కిరీటి వాక్యంలో ఒక మాట సరిచేసి మళ్ళీ పలికి చూపించాడు.

ఎవరైనా తప్పు దిద్దితే కిరీటి మొహం ఎలా వాడిపోతుందో నాకు తెలుసు. కానీ అతను పెద్దగా నవ్వేశాడు. ఆ మాట సరిగా పలికి, మళ్ళీ తప్పు పలికి, ఇంకా నవ్వాడు. సియో కూడా నవ్వాడు. వచ్చిన తర్వాత అదే మొదటిసారి. నవ్వుతూనే ఒళ్ళోంచి చేతులు తీసి, బిడ్డకి దుప్పటి కప్పినంత మెల్లగా విస్తరి మీద పరిచాడు.

అందరం పట్టీ వైపు చూశాం. మూడో దీపం అప్పటికే ఆరిపోయి ఉంది. చేతులు పెట్టకముందే ఆరినట్టుంది. ఎప్పుడు ఆరిందో ఎవరూ చూడలేదు, పరిశీలకుడు గారితో సహా. ఆయన బూరెలో నెయ్యి పోసుకుంటున్నారు.

"ఏంట్రా, అయిందా?" అంది వదిన.

"అయిందక్కా."

"అయితే గారెల్లోకి అల్లం పచ్చడి చేసుకోవచ్చా?" అని వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు. ముక్కు చీదుకున్న చప్పుడు మాత్రం వినిపించింది.

* * *

పోయినవి తిరిగి రాలేదు. మా పెళ్ళి, వానలో మొక్కజొన్న పొత్తు, మొదటి మూడు నెలలూ అతనికి నేను చెప్పే కథలే. ఆ నష్టం నష్టమే. అప్పుడప్పుడు ఆ కథల్లో నేను కాస్త అందంగా, అతను కాస్త తెలివితక్కువగా ఉంటాం. సరిచూడ్డానికి ఎవరూ లేరు గనక నాకు నష్టం లేదు. రుక్మాంగదరావు గారు ఇప్పుడు ఒకరికి ఒక్క భాషే అంటున్నారు. గురి గదిలోకి పంపేముందు, మీకు చివరిసారి ఎప్పుడు తృప్తిగా అనిపించింది అని అడిగి, జవాబు చెప్పలేనివాళ్ళని వెనక్కి పంపేస్తున్నారు. కిరీటి భాషలు ఉన్నాయి. తప్పులతోనే ఉన్నాయి.

అయినా కొన్ని వారాలు నేను భయపడుతూనే ఉన్నాను. దీపం ఆరినంత మాత్రాన రోజులు నిలుస్తాయని ఏమిటి నమ్మకం? అడిగి పరీక్ష పెట్టడం ఇష్టం లేకపోయింది. పరీక్షలు అతనికి ఇప్పటిదాకా పెట్టినవి చాలు.

నిన్న సాయంత్రం బయటికి వెళ్ళబోతూ నా చెప్పు తెగింది. అతని చెప్పుల్లో కాళ్ళు దూర్చబోయాను.

"వాటి జోలికి రాకు" అన్నాడు.

"ఏం, అరిగిపోతాయా?"

"మూడు వారాల కిందట నీ స్నేహితురాలి గృహప్రవేశానికి నా చెప్పులేసుకుని వెళ్ళావు. ఒకటి నాది, ఒకటి ఎవరిదో వేసుకుని వచ్చావు. పైగా రెండూ గోధుమరంగేగా అన్నావు. నేను మర్నాడు ఆ ఒంటి చెప్పు పట్టుకుని వాళ్ళింటికి వెళ్తే, వాళ్ళ తాతగారు నన్ను చెప్పులు కుట్టడానికి వచ్చినవాణ్ణనుకుని ఇంకో రెండు జతలు ముందు పెట్టాడు. అది కాక, వచ్చి నీకు చెబితే పడీ పడీ నవ్వావు. ఒక్క సారీ కూడా చెప్పలేదు."

నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

"ఏమైంది?" అన్నాడు కంగారుగా.

"ఏం లేదు. మళ్ళీ చెప్పు."

"ఏం చెప్పాలి?"

"అదంతా. తాతగారు ఎన్ని జతలు పెట్టాడో దగ్గర్నుంచి."

"అంటే తప్పు ఒప్పుకుంటున్నావా?"

"లేదు" అన్నాను. "నువ్వు ముందు తిట్టు, వింటాను."